ఇంగ్లీషులోకి రాని మూడు వాక్యాలు

బందరులో ఒక ఆడపిల్లల హాస్టల్ ఉండేది. ఇప్పుడు లేదు. ఆ స్థలంలో కల్యాణ మండపం లేచింది, ముహూర్తాల రోజుల్లో చెవులు చిల్లులు పడేలా పాటలు మోగుతాయి. ఆ హాస్టల్లో పిల్లలందర్నీ చదివించింది విదేశాల వాళ్ళే. ఒక్కో పిల్లకి ఒక్కో మనిషి. ఎక్కడో కెనడాలోనో జర్మనీలోనో ఉండి, ముక్కూ మొహం తెలియని మన పిల్లకి అన్నం, గుడ్డ, పుస్తకం సమకూర్చే ఆ మనిషిని ఆఫీసు కాగితాల్లో స్పాన్సర్ అనేవాళ్ళు. పిల్లలకి ఆ మాట మరీ పొడిగా అనిపించేదేమో, మా స్పాన్సరమ్మ, మా స్పాన్సరయ్య అని వరస కలిపేసేవాళ్ళు.

దానికి బదులుగా పిల్ల చేయాల్సిన పని ఒక్కటే. ఏడాదికి మూడు ఉత్తరాలు రాయాలి. బడి తెరిచాక ఒకటి, క్రిస్మస్‌కి ముందు ఒకటి, ఫిబ్రవరిలో ఒకటి. పిల్ల తెలుగులో రాస్తే దాన్ని ఒకరు ఇంగ్లీషులోకి మారుస్తారు. తెలుగు కాగితం పైన, ఇంగ్లీషు కాగితం కింద పెట్టి, పిన్ను కొట్టి పంపుతారు. మార్చే ఆ ఒకరు పదకొండేళ్ళపాటు నేనే. వారమంతా ఎయిడెడ్ స్కూల్లో ఇంగ్లీషు పాఠాలు చెప్పేదాన్ని, శనివారం మధ్యాహ్నం హాస్టల్ భోజనాల హాల్లో కూర్చుని ఉత్తరాలు మార్చేదాన్ని. ప్రతి ఇంగ్లీషు కాగితం అడుగునా, స్కూలు పేరుతో సహా, నా సంతకం ఉండేది. దాన్ని చూసుకుని కాస్త గర్వపడేదాన్ని కూడా, దాచడం ఎందుకు.

నేనూ అలా చదివిన పిల్లనే. మాది గుడివాడ పక్కన పల్లెటూరు. మా అమ్మ నాట్లకీ కోతలకీ వెళ్ళేది. ఆరో క్లాసులో నన్ను తెచ్చి ఇదే హాస్టల్లో చేర్చారు. ఏడో క్లాసులో ఉండగా నా స్పాన్సరయ్యకి రాసిన ఉత్తరంలో, 'నాకు వాచీ అంటే ఇష్టం, మీకు వీలైతే ఒకటి పంపండి' అని రాశాను. అప్పట్లో ఉత్తరాలు మార్చే పెద్దాయన దాన్ని తీసుకెళ్ళి అప్పటి వార్డెన్ చేతిలో పెట్టాడు. సాయంత్రం ప్రార్థన అయ్యాక ఆవిడ నన్ను అందరి ముందూ నిలబెట్టి, నా ఉత్తరం నాచేతే గట్టిగా చదివించింది. "తిన్నింటి వాసాలు లెక్కపెడతావటే? అన్నం పెట్టే మనిషిని వాచీ అడుగుతావా?" అంది. మూడు రోజులు నాతో ఎవరూ మాట్లాడలేదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. మా హాస్టల్లో మాత్రం అడిగితే పెట్టేది కూడా పోతుందని నేర్పారు. నేను బాగా నేర్చుకున్నాను, మంచి విద్యార్థిని కదా.

నేను పెద్దయి, అదే హాస్టల్లో ఉత్తరాల పనికి కుదిరేనాటికి ఆ వార్డెన్ పోయి వేరే ఆవిడ వచ్చింది. పద్ధతి మాత్రం మారలేదు. ఉత్తరాల రోజున బ్లాక్‌బోర్డు మీద నమూనా రాసి పెట్టేవాళ్ళం. 'ప్రియమైన స్పాన్సరమ్మ గారికి, ప్రభువు నామమున వందనాలు. ఇక్కడ నేను క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాను.' తర్వాత ఇష్టమైన సబ్జెక్టు, స్నేహితురాలి పేరు పెట్టుకోవడానికి ఖాళీలు. అడుగున ఒక బొమ్మ వేయాలి. క్రిస్మస్ ఉత్తరంలో పిల్లలందరూ మంచు కురుస్తున్న బొమ్మలే వేసేవాళ్ళు, గ్రీటింగ్ కార్డుల్లో చూసి. బందరులో డిసెంబరులో కూడా చెమట పడుతుందని పాపం ఆ స్పాన్సర్లకి ఎవరు చెప్పాలి? 'మీ ఊళ్ళో ఎన్ని అడుగుల మంచు పడింది' అని ఒకాయన అడిగితే, 'ఈ ఏడు కొంచెం తక్కువ' అని రాసి పంపాను.

నవ్వుతారేమో గానీ నా ఉద్యోగం అదే. ఇబ్బంది లేకుండా చూడడం. నగరంలో ఉన్న పెద్దాఫీసు వాళ్ళు ఒక కాగితం ఇచ్చారు. ఉత్తరంలో ఏదీ అడగకూడదు, ఇంటి గొడవలు రాయకూడదు, ఎవరి మీదా ఫిర్యాదు చేయకూడదు. అలాంటిది ఒక్కటి కనబడినా హాస్టల్ ఉత్తరాల కట్ట మొత్తం వెనక్కి వచ్చేది. అందుకని నేను ముందే చూసి తీసేసేదాన్ని. తెలుగు కాగితం పెద్దాఫీసులో ఎవరూ చూడరు, విదేశాల్లో ఎలాగూ ఎవరికీ చదవడం రాదు, ఇంగ్లీషు శుభ్రంగా ఉంటే చాలు.

అటు నుంచి వచ్చిన ఉత్తరాలకి కూడా ఇదే వైద్యం. ఒకసారి కెనడా స్పాన్సరమ్మ ఒకావిడ, తన కుక్క చచ్చిపోయిందనీ, రెండు వారాలుగా ఏడుస్తున్నాననీ రాసింది. పిల్లలకి చదివి వినిపించాలి. కుక్క కోసం ఏడ్చిందంటే మా పిల్లలు పడీపడీ నవ్వుతారు, ఆవిడ పరువు పోతుంది. అందుకని 'ఆవిడ ఇంట్లో ఒకరు ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు' అన్నాను. అంతే, వారం రోజులపాటు సాయంత్రం ప్రార్థనలో నలభై మంది పిల్లలు ఆ ఆత్మశాంతి కోసం ప్రార్థించారు. ఆ సంగతి పిల్ల ఉత్తరంలో రాస్తే స్పాన్సరమ్మ కరిగిపోయి జవాబు రాసింది, తన బాధని ఇంతగా అర్థం చేసుకున్నవాళ్ళు తన ఊళ్ళోనే లేరని. ఆ జవాబు చూసి నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ స్పాన్సరమ్మ చదివించిన పిల్లది హంసలదీవి దగ్గర పల్లె. తండ్రి పాయల్లో వల వేసేవాడు. ఆరో క్లాసులో చేరినప్పుడు చేపల వాసన వస్తోందని పక్క మంచం పిల్లలు మంచం జరుపుకున్నారు. ఆ పిల్ల ఏడవలేదు. తన మంచం కూడా ఇంకాస్త అటు జరుపుకుంది. అభిమానం గల పిల్ల. బోర్డు మీద నమూనా ఎక్కించుకున్నాక అందరూ పెన్ను మూసేస్తే తను మాత్రం కింద సొంతంగా నాలుగు మాటలు రాసేది. తమ్ముడు పుట్టేటప్పుడు వాళ్ళ అమ్మని ఆటోలో అవనిగడ్డ తీసుకెళ్తుంటే దారిలోనే నొప్పులు ఎక్కువయ్యాయట. ఒక ఊళ్ళో నర్సు బయటికి పరుగెత్తుకొచ్చి ఆటోలోనే పురుడు పోసిందట. 'నేను ఆ సిస్టరమ్మలాగా నర్సు అవుతాను' అని ప్రతి ఉత్తరంలోనూ రాసేది. అది మాత్రం నేను అక్షరం వదలకుండా మార్చేదాన్ని. స్పాన్సర్లకి అలాంటివి ఇష్టం.

తొమ్మిదో క్లాసులో ఉండగా ఫిబ్రవరి ఉత్తరంలో ఆ పిల్ల నమూనా కింద మూడు వాక్యాలు రాసింది. 'వేసవి సెలవులకి ఇంటికి వెళ్తే మా మేనమామకిచ్చి పెళ్ళి చేస్తామంటున్నారు. నాకు చదువుకోవాలని ఉంది. నన్ను సెలవులకి పంపొద్దని మీరు మా వార్డెన్ గారికి ఒక్క ఉత్తరం రాయండి, మీరు చెబితే వింటారు.'

చదవగానే నా చెవులు వేడెక్కాయి. పిల్ల మీద జాలితో కాదు, నిజం చెబుతున్నాను. ఏడో క్లాసులో ప్రార్థన అయ్యాక అందరి ముందూ నిలబడ్డ సిగ్గు అది. ఈ పిల్లకెంత ధైర్యం, స్పాన్సరుని నేరుగా సాయం అడుగుతుందా అనిపించింది. కట్ట మొత్తం వెనక్కి వస్తుందన్న భయం దాని తర్వాతే వచ్చింది. ఇంగ్లీషు కాగితం మీద ఆ మూడు వాక్యాల చోట మూడు వాక్యాలు రాశాను. 'వేసవి సెలవులు దగ్గరికి వస్తున్నాయి. నాకు చదువంటే ఇష్టం. మీ కోసం రోజూ ప్రార్థన చేస్తున్నాను.' చూశారా, ఒక్కటీ అబద్ధం కాదు. సంతకం పెట్టి పిన్ను కొట్టాను.

అలాగని చేతులు దులిపేసుకోలేదని చెప్పుకోవడానికి ఒక పని చేశాను. వార్డెన్ దగ్గరికి వెళ్ళి, ఆ పిల్ల ఇలా రాసిందండీ అని నోటితో చెప్పాను. ఆవిడ బియ్యం కొలిపిస్తోంది. "ఏడాదికి నలుగురు రాస్తారమ్మా ఇలాగ. సెలవులకి పంపకపోతే తండ్రి పదిమందిని వెంటేసుకొచ్చి గేటు దగ్గర కూర్చుంటాడు, నువ్వు సమాధానం చెబుతావా? వాళ్ళ నాన్న వచ్చినప్పుడు నేను మాట్లాడతాలే" అంది. మాట్లాడింది కూడా. తండ్రి ఏప్రిల్లో వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. "అబ్బే, అదేం లేదండీ మేడం గారూ, పిల్ల ఊరికే బెంగపడుతోంది" అన్నాడాయన. ఆవిడ నా వైపు చూసి, విన్నావుగా అన్నట్టు తలాడించింది. నేను కూడా తలాడించాను.

ఆ పిల్ల ట్రంకు పెట్టె వరండాలో పెట్టి నా దగ్గరికి వచ్చింది.

"టీచర్ గారూ, మా స్పాన్సరమ్మ దగ్గర్నించి ఏమైనా వచ్చిందాండీ?"

"ఇంకా రాలేదమ్మా."

"వస్తుందంటారా?"

"వస్తుందిలే. దూరం కదా, టైం పడుతుంది."

పోస్టు రెండింటికి వచ్చేది. రెండు దాకా ఉందామని తండ్రిని బతిమాలింది. ఆయన బస్సు పోతుందని విసుక్కున్నా కూర్చున్నాడు. పోస్టుమాన్ వచ్చాడు, కరెంటు బిల్లూ ఇంకేదో కార్డూ ఇచ్చి వెళ్ళాడు. ఆ పిల్ల వార్డెన్ చేతిలోంచి ఆ రెండూ అడిగి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, మళ్ళీ ఇచ్చేసింది. తండ్రి ట్రంకు పెట్టె భుజానికెత్తుకున్నాడు. నేను భోజనాల హాల్లోకి వెళ్ళిపోయాను.

స్పాన్సరమ్మ జవాబు మే నెలాఖరులో వచ్చింది. చదువంటే ఇష్టమని రాసినందుకు సంతోషమనీ, సెలవుల్లో ఇంట్లో అందరితో హాయిగా గడపమనీ, పెరట్లో టమాటా మొక్కలు వేశాననీ రాసింది. జూన్లో ఇద్దామని పక్కన పెట్టాను. జూన్లో ఆ పిల్ల రాలేదు. పెళ్ళయిపోయిందని, వాళ్ళ ఊరి వైపు నుంచి వచ్చే ఇంకో పిల్ల చెప్పింది. పెద్దాఫీసు వాళ్ళు స్పాన్సరుకి చెప్పడానికి ఒక్క లైను కారణం అడిగారు. 'కుటుంబం వేరే ఊరికి మారింది' అని రాసిచ్చింది వార్డెన్. దాన్ని ఇంగ్లీషులోకి మార్చింది కూడా నేనే.

ఆ తర్వాత ఇంకో ఆరేళ్ళు ఆ పని చేశాను. మిగతావాళ్ళ ఉత్తరాల్లో అలాంటివి కనబడితే ఏం చేశావని అడిగితే, ఏముంది, మళ్ళీ అదే చేశాను. మనిషికి ఒకసారి బుద్ధొస్తుందని పుస్తకాల్లో రాస్తారు. నాకు రాలేదు. విదేశీ డబ్బు రావడం ఆగిపోయి హాస్టల్ మూసేశాకే ఆ అలవాటు ఆగింది.

మొన్న జనవరిలో మా స్కూలుకి ఒక మెయిల్ వచ్చింది. ఆ కెనడా స్పాన్సరమ్మే. వయసు డెబ్భై ఆరు. వాళ్ళ చర్చి వాళ్ళతో కలిసి ఇండియా వస్తోందట, విజయవాడలో ఉన్నప్పుడు ఒక రోజు ఖాళీ ఉందట, ఆ పిల్లని ఒక్కసారి చూడాలట. 'మీ సంతకం ప్రతి ఉత్తరం మీదా ఉంది, మీకు తెలిసే ఉంటుంది' అని రాసింది. తెలియదని రాసేస్తే ఆ రోజుతో పోయేది. ఎందుకు రాయలేదో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ధైర్యం మాత్రం కాదు. ఇన్నేళ్ళు నా ఇంగ్లీషు చదివిన మనిషి ఎలా ఉంటుందో చూడాలన్న కుతూహలం అనుకుంటాను, సిగ్గులేని కుతూహలం.

చల్లపల్లిలో బట్టల కొట్లో పనిచేసే హాస్టల్ పిల్ల ఒకతె ఉంటే, ఆమె ద్వారా ఫోన్ నంబరు దొరికింది. ఫోన్ చేసి నేనెవరో చెప్పాను. స్పాన్సరమ్మ వస్తోందని చెప్పాను. అవతల గాలి చప్పుడు వినబడింది.

"తీసుకురండి" అంది, అంతే.

స్పాన్సరమ్మ విజయవాడ నుంచి కారులో బందరు వచ్చి నన్ను ఎక్కించుకుంది. సన్నగా, కాస్త వంగి, పాత టోపీ పెట్టుకుని ఉంది. నేనైతే మెడలో ముత్యాల దండ వేసుకున్న దొరసానిని ఊహించుకున్నాను. చిన్నప్పటి నుంచీ మా అందరికీ స్పాన్సర్లంటే దొరలే. ఈవిడ ముప్పై ఏళ్ళు స్కూలు బస్సు నడిపిందట. మంచులో, తెల్లవారకుండానే. భర్త చిన్న వయసులోనే పోయాడట, పిల్లల్లేరట. చల్లపల్లి దాటుతుంటే ఇదంతా మామూలుగా చెప్పింది. నేను బయట మినప చేల వైపు చూస్తూ కూర్చున్నాను.

ఆవిడ ఒళ్ళో ఒక ఫైలు ఉంది. అన్ని ఉత్తరాలూ అందులో ఉన్నాయంది. తెలుగు కాగితం, ఇంగ్లీషు కాగితం, పిన్నుతో సహా ఎలా వచ్చినవి అలాగే. ఒక్కో దాని మీద అందిన తేదీ పెన్సిలుతో రాసుకుంది. అవనిగడ్డ దాటాక ఇక ఉండబట్టలేక, "అక్కడ అంతా దుమ్మండీ, ఉప్పుగాలి. ఫైలు పాడవుతుంది, కార్లోనే ఉంచండి" అన్నాను. ఆవిడ నవ్వి, దాన్ని ఇంకాస్త దగ్గరికి తీసుకుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆ కార్లో తెలిసింది.

ఆ అమ్మాయి ఇల్లు కరకట్టకి దిగువన, కాలనీలో. గోడలు లేచాయి గానీ సిమెంటు పూత లేదు. పక్క ఇళ్ళ నుంచి ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చి వేసింది. భర్త, అదే ఆ మేనమామ, రొయ్యల చెరువు దగ్గర కాపలాకి వెళ్ళాడట. ఇరవై తొమ్మిదేళ్ళుంటాయేమో ఆమెకి, చూస్తే నలభై అనిపిస్తుంది. స్పాన్సరమ్మ రెండు చేతులతో ఆమె మొహం పట్టుకుని ఏడ్చేసింది. తర్వాత ఆమె చేతులు చూసింది. వేళ్ళ చివర్లు తెల్లగా నాని, పగిలి ఉన్నాయి. ఏమిటని నన్ను అడిగింది.

"రొయ్యల షెడ్డులో తలలు గిల్లే పనండీ. పొద్దుగూకులూ ఐసులో చేతులు" అంది ఆ అమ్మాయి. నేను అది సరిగ్గానే చెప్పాను. పిల్లలెంతమంది అంటే, మొదటిది పురిట్లోనే పోయిందని, తర్వాత ఈ పాప అని చెప్పింది. అదీ సరిగ్గానే చెప్పాను. ఏడో క్లాసు చదువుతున్న ఆ పాప గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది.

అప్పుడు స్పాన్సరమ్మ అడిగింది. "నువ్వు అంత బాగా చదివేదానివి కదా, ఎందుకు మానేశావో అడగాలని ఇన్నేళ్ళుగా ఉంది. మీ వాళ్ళు ఏ ఊరు మారారు?"

నేను తెలుగులో చెప్పాను. ఆ అమ్మాయి స్పాన్సరమ్మనే చూస్తూ, "మేం ఏ ఊరూ మారలేదండీ. పెళ్ళి చేసేస్తున్నారు, ఆపించండని ఆవిడకే రాశాను కదా. ఎందుకు పట్టించుకోలేదో అడగండి" అంది.

అక్కడ కూడా, ఆ ఎండలో, ఆ కుర్చీలో కూర్చుని, నేను పాత పనే చేశాను. కుటుంబ పరిస్థితుల వల్ల మానేయాల్సి వచ్చిందంటోంది అని ఇంగ్లీషులో అన్నాను. నోరు దానంతట అదే అలా అనేసింది.

ఆ అమ్మాయి తల నా వైపు తిప్పింది. తొమ్మిదో క్లాసు దాకా ఆ స్పాన్సరమ్మే చెప్పించిన చదువు. అంతమాత్రం ఇంగ్లీషు అర్థం కాకుండా ఎలా ఉంటుంది?

"నేనన్నది అది కాదు కదా టీచర్ గారూ."

మా ఇద్దరి మధ్యా ఏం జరుగుతోందో స్పాన్సరమ్మకి తెలియదు. సంతోషపెడదామనుకుని ఫైలు తెరిచి ఆ అమ్మాయి ఒళ్ళో పెట్టింది. చూడు, నీ ఉత్తరాలన్నీ దాచాను అంది. ఆ అమ్మాయి ఒక్కొక్కటీ తిప్పుతూ తన చిన్నప్పటి రాత చూసి కొంచెం నవ్వింది. చివరి ఉత్తరం దగ్గర ఆగింది. తెలుగు కాగితం చదివింది. పైకెత్తి కింద ఇంగ్లీషు కాగితం మీద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ మాటా మాటా కూడబలుక్కుంది. మళ్ళీ పైకి వెళ్ళింది. మళ్ళీ కిందకి వచ్చింది. ఆ వేలు నా సంతకం దగ్గర ఆగేదాకా నేను చూస్తూ కూర్చున్నాను.

"ఇది మీరేనాండీ?"

"నేనేనమ్మా."

"నా మాటలు ఇందులో లేవు."

"లేవు."

అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది. ఆమె ఫైలు మూయకుండా అలాగే ఒళ్ళో ఉంచుకుని, "ఇప్పుడు చెప్పండి. నేను రాసింది చెప్పండి, మీరు రాసింది చెప్పండి" అంది.

చెప్పాను. మూడు వాక్యాలూ చెప్పాను. వాటి చోట నేను పెట్టినవి చెప్పాను. ఊరు మారడం అబద్ధమని చెప్పాను. ఇందాక కూడా తప్పు చెప్పానని చెప్పాను. నా ఇంగ్లీషు తడబడింది. స్పాన్సరమ్మ ఆ ఉత్తరం తన వైపు లాక్కుని మూల మీద పెన్సిలుతో రాసుకున్న తేదీ చూసింది. నెమ్మదిగా మాట్లాడింది. మాట్లాడుతున్నంతసేపూ నా వైపు చూడలేదు.

"ఏమంటున్నారు?" అంది ఆ అమ్మాయి.

నాకు చెప్పాలని లేదు. ఇదొక్కటి చెప్పకపోతేనే ఆమెకి మంచిదేమో అనిపించింది. అలా అనిపించడమే నా రోగమని కూడా అప్పుడే తెలిసింది.

"మార్చి మొదట్లోనే అందిందంటున్నారు. ఆఫీసు నంబరు ఫ్రిజ్ మీద అంటించి ఉండేదంట. తెలిసుంటే ఆ రోజే ఫోన్ చేసేదాన్నంటున్నారు. వినకపోతే తనే వచ్చేదాన్నంటున్నారు" అన్నాను.

ఆ అమ్మాయి తలాడించింది. "అయితే పట్టించుకునేవారే అన్నమాట" అంది. "ఇన్నేళ్ళూ ఆవిడని తిట్టుకున్నానండీ. రొయ్యలు గిల్లుతూ తిట్టుకున్నాను. మొదటి పిల్ల పోయినప్పుడు కూడా ఆవిడనే తిట్టాను. అది కూడా చెప్పండి" అంది. చెప్పాను. స్పాన్సరమ్మ ఆ పగిలిన చేతిని తీసుకుని తన బుగ్గకి ఆనించుకుంది. ఆ అమ్మాయి వెనక్కి తీసుకోలేదు.

నేను క్షమించమని అడిగాను. అడిగానని రాయడానికే సిగ్గుగా ఉంది. ఆమె వినలేదో, విన్నా వినిపించుకోలేదో, లేచి లోపలికి వెళ్ళి మా ముగ్గురికీ మజ్జిగ తెచ్చింది. నాక్కూడా తెచ్చింది. గ్లాసు నా చేతికివ్వలేదు, కుర్చీ పక్కన నేల మీద పెట్టింది.

స్పాన్సరమ్మ గుమ్మంలో ఉన్న పాపని దగ్గరికి పిలిచి కూర్చోబెట్టుకుంది. తనకి పెన్షన్ వస్తుందనీ, ఎక్కువేం కాదనీ, తను ఉన్నన్నాళ్ళూ ఈ పాపని చదివిస్తాననీ, ఎవరి ద్వారా ఎలా అన్నది తను కనుక్కుంటాననీ చెప్పింది. నేను తెలుగులో చెప్పాను. ఆ అమ్మాయి పాపనే చూస్తూ కూర్చుంది. వద్దంటుందని భయపడ్డాను. అలా అంటే నా లెక్కలో ఇంకో పిల్ల చదువు పోయినట్టే.

"చదివించమనండి" అంది చివరికి. "వద్దనే పొగరు నాకు లేదు. కాకపోతే ఉత్తరాలు నా కూతురే రాస్తుంది. వచ్చినంతలో ఇంగ్లీషులోనే రాస్తుంది, తప్పులుంటే ఆవిడే సర్దుకుని చదువుకోవాలి. కష్టమొస్తే కష్టమనే రాస్తుంది, ఏదైనా కావాలంటే అడుగుతుంది. మధ్యలో ఈ టీచర్ గారు మాత్రం ఉండకూడదని చెప్పండి."

ఈ టీచర్ గారు అంటూ వేలితో నన్నే చూపించింది, ఆ మాట నన్నే చెప్పమంటూ.

ఇంగ్లీషులో చెప్పాను. ఒక్క ముక్క వదల్లేదు. చివరి మాట కూడా ఎలా అందో అలాగే చెప్పాను.

స్పాన్సరమ్మ నా మొహంలోకి చూసింది. నా మాట నమ్మాలో వద్దో తెలియనట్టు, నన్ను వదిలేసి ఆ అమ్మాయి వైపు తిరిగి, నిజంగా ఇలాగే అన్నావా అని ఇంగ్లీషులో అడిగింది.

"యెస్" అంది ఆ అమ్మాయి.